స్టోర్‌రూమ్ ఖాళీ... కారు రెడీ!

గుప్పిట్లో ఇమిడిపోయేంత చిన్న వాల్వు. అది దొరక్కపోయేసరికి ప్రపంచంలోనే పేరుమోసిన కార్ల కంపెనీ చేతులు ముడుచుకు కూర్చోవాల్సి వచ్చింది.

1997 ఫిబ్రవరి 1, శనివారం. ఇంకా తెల్లవారలేదు. జపాన్‌లోని కరియాలో ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ అంటుకుంది. బ్రేకు నొక్కినప్పుడు వెనక చక్రాలకు ఎంత ఒత్తిడి వెళ్లాలో చూసే పి-వాల్వులు తయారయ్యేది అక్కడే. టయోటా వాడే వాల్వులు దాదాపు అన్నీ ఆ ఒక్క చోటినుంచే రావాలి. మరి టయోటా దగ్గరున్న నిల్వ? మహా అయితే రెండు మూడు రోజులకు. ఇంకేముంది, ఒకదాని తర్వాత ఒకటిగా లైన్లు ఆగిపోయాయి.

అంత పెద్ద కంపెనీ నాలుగు వాల్వులు దాచుకోలేకపోయిందా అనిపిస్తుంది ఎవరికైనా. దాచుకోలేక కాదు, దాచుకోకూడదనే దాచుకోలేదు!

అమ్ముడుపోని కార్లు

ఆ పట్టుదల వెనక పెద్ద దెబ్బే ఉంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జపాన్‌లో జనం చేతిలో డబ్బుల్లేవు. 1949 నాటికి టయోటాలో తయారైన బండ్లు తయారైనట్టే మిగిలిపోయాయి. వాటిలో ఇరుక్కున్న డబ్బు తిరిగి రాలేదు, జీతాలకు కటకట. కంపెనీ దివాలా అంచుదాకా వెళ్లింది. బ్యాంకులు ఆదుకున్నాయి గానీ 1950లో సమ్మె, ఆ తర్వాత దాదాపు రెండువేల మంది ఇంటిదారి. కంపెనీని స్థాపించిన కీచిరో టయోడా సైతం అధ్యక్ష పదవి వదులుకున్నారు. ‘కావాల్సింది, కావాల్సినప్పుడు, కావాల్సినంతే’ అన్న ఆలోచన అసలు ఆయనదే. దాన్ని ఫ్యాక్టరీలో నిజం చేసి చూపించింది మాత్రం తైచి ఓనో అనే ఇంజినీరు.

ఓనోకి దారి చూపింది ఏ కార్ల ఫ్యాక్టరీయో కాదు, అమెరికాలోని సూపర్‌మార్కెట్! అక్కడ కొనేవాళ్లు తమకు కావాల్సినంతే తీసుకుంటారు. అరలో ఎంత ఖాళీ అయిందో అంతే తెచ్చి సర్దుతారు. ఫ్యాక్టరీలోనూ అలా ఎందుకు చేయకూడదనుకున్నాడు. ముందున్న విభాగం తనకు తోచినన్ని విడిభాగాలు చేసి వెనకవాళ్ల నెత్తిన పడేయడం కాదు... వెనకవాళ్లు వచ్చి అడిగినన్నే ముందువాళ్లు చేయాలి. 1950ల్లో మెషిన్‌షాపులో మొదలైన ఈ పద్ధతి అంచెలంచెలుగా కంపెనీ అంతా పాకింది.

చీటీ లేనిదే పనిలేదు

ఇందుకు వాడిన సాధనం చిన్న చీటీ. పేరు ‘కాన్‌బాన్’. జపాన్ భాషలో బోర్డు అని అర్థం. విడిభాగాలున్న ప్రతి పెట్టెకీ ఓ చీటీ ఉంటుంది. అందులోవి వాడటం మొదలుపెట్టగానే కార్మికుడు చీటీ తీసి పక్కనపెడతాడు. అది తయారుచేసేవాళ్లకు చేరుతుంది. చీటీ మీద ఎన్నుంటే అన్నే చేస్తారు. చీటీ రాలేదా, మిషను ఆపి ఊరుకుంటారు.

ఇది మన ఇళ్లలో తెలియని సంగతేం కాదు. వంటింట్లో రెండు గ్యాస్‌బండలుంటాయి. ఒకటి అయిపోగానే రెండోది తగిలించి వెంటనే బుక్ చేస్తారు. ఖాళీ బండే చీటీ అన్నమాట! ఇంకోటి వచ్చేలోపు చేతిలో ఉన్నది సరిపోతే చాలు. అయితే ఆవకాయ సంగతి వేరు. మామిడికాయ ఏడాదికోసారే వస్తుంది కాబట్టి జాడీల నిండా పెట్టుకోవాల్సిందే. ఏది బండలా తెప్పించుకోవాలో, ఏది జాడీలో దాచుకోవాలో తెలియడంలోనే ఉంది కిటుకంతా. ఈ తేడా టయోటాకి పూర్తిగా తెలిసొచ్చింది చాలా ఆలస్యంగానే.

నిల్వ ఎక్కువైతే నష్టమేంటి? వడ్డీ ఒక్కటే అయితే ఇంత పట్టింపు ఉండేది కాదు. చోటు కావాలి, కాపలా కావాలి. మోడల్ మారితే సామాను తుక్కు కింద పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరోటుంది. చెరువు నిండుగా ఉంటే అడుగున రాళ్లు కనపడవు. నీరు తగ్గితేనే బయటపడతాయి. గోదాము నిండా సరుకుంటే మిషను పాడైనా, వందలో పది వస్తువులు చెడిపోయినా పని నడిచిపోతుంది, ఎవరికీ పట్టదు. నిల్వ తగ్గిస్తే ప్రతి లోపం ఆరోజే పీకమీదికొస్తుంది. ఓనో కోరుకున్నదీ అదే. కాకపోతే ఆ భారమంతా సరఫరా చేసే చిన్న కంపెనీల నెత్తిన పడుతుందన్న విమర్శ మొదట్నుంచీ ఉంది. అందులో నిజం లేకపోలేదు.

కుట్టుమిషన్ల కంపెనీ చేసిన సాయం

మరి ఆ వాల్వుల సంగతేమైంది? ఐసిన్ తన డ్రాయింగులన్నీ బయటపెట్టింది. తోచినవాళ్లల్లా రంగంలోకి దిగారు. అంతకుముందు కార్ల విడిభాగాల జోలికే వెళ్లని కుట్టుమిషన్ల తయారీ సంస్థ బ్రదర్ కూడా వాల్వులు చేసిచ్చింది. వారం తిరిగేసరికి చాలా లైన్లు మళ్లీ కదిలాయి. ఏళ్లతరబడి అరకొర నిల్వతో పనిచేయడం అలవాటైన కంపెనీలు కాబట్టే అంత చురుగ్గా కదిలాయనేవారున్నారు. అసలు నాలుగు వాల్వులు దాచుకునుంటే ఈ హైరానాయే ఉండేది కాదుగా అనేవారూ ఉన్నారు!

2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చినప్పుడు మాత్రం పొరుగు సాయం సరిపోలేదు. ఓ కారులో చిన్నా పెద్దా కలిపి ముప్ఫైవేల దాకా భాగాలుంటాయి. వాటిలో కొన్ని చిప్‌లు చేసే ఫ్యాక్టరీ దెబ్బతింది. వాల్వులా నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు చేసిచ్చేవి కావవి, నెలలు పడుతుంది. అప్పుడు టయోటా జాడీలు సిద్ధం చేసింది! రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా చిప్‌లు నిల్వ ఉంచాలని సరఫరాదారులకు చెప్పింది.

ఆ ముందుచూపు పదేళ్ల తర్వాత అక్కరకొచ్చింది. 2020లో కరోనా భయంతో కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. చిప్‌ల తయారీదారులు ల్యాప్‌టాప్‌లు, ఫోన్ల వైపు మళ్లారు. 2021లో అమ్మకాలు పుంజుకున్నాక చూస్తే చిప్‌ల్లేవు. మిగతావాళ్లు లైన్లు ఆపుకుంటుంటే టయోటా చాలా నెలలు నెట్టుకొచ్చింది. ఆ ఏడాది అమెరికాలో అమ్మకాల్లో జనరల్ మోటార్స్‌ను దాటేసింది. 1931 నుంచీ అక్కడ మొదటి స్థానం ఆ కంపెనీదే మరి. అయినా ఏ జాడీ అయినా ఎన్నాళ్లొస్తుంది? ఆ సెప్టెంబరులో టయోటా కూడా ఉత్పత్తిని అనుకున్నదానికంటే 40 శాతం తగ్గించుకోక తప్పలేదు.

ఇప్పుడు ఆ చీటీలు చాలావరకు కంప్యూటర్లలోకి మారాయి. 2023 ఆగస్టు 29న జపాన్‌లోని టయోటా ప్లాంట్లు పద్నాలుగూ ఆగిపోయాయి. భూకంపం లేదు, మంటల్లేవు. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో డిస్కు నిండిపోయింది! గోదాములో సామాను పేరుకోకుండా డెబ్బై ఏళ్లు కాపలా కాసిన కంపెనీకి డేటా పెట్టుకోవడానికి చోటు చాలలేదు. అదనంగా ఉంచిన సర్వర్లదీ అదే పరిస్థితి. డేటాను ఇంకాస్త పెద్ద సర్వర్‌లోకి మార్చాక మర్నాటికి ప్లాంట్లు తెరుచుకున్నాయి.