త్రాగుడు మానదలచిన రైతు చేరదగిన సభ

వరికోతలు ముగిసి, ధాన్యము మిర్యాలగూడ మిల్లులకు చేరి, పైకము చేతికి వచ్చిన దినములలోనే గ్రామమందలి బెల్టుషాపునకు గిరాకి హెచ్చును. సంఘమునకు కట్టవలసిన వాయిదా ఏల కట్టబడలేదో మన లెక్కల పుస్తకము చెప్పజాలదు. ఇంటి ఇల్లాలు చెప్పగలదు. మానవలెనని నిజముగా కోరియు మానలేకున్న సభ్యులు గరిడేపల్లి ప్రాంతమున లేకపోలేదు. ఈ వ్యాసము వారి కొరకును, వారి యింటివారి కొరకును వ్రాయబడినది. త్రాగువారిని దూషించుట దీని యుద్దేశము కాదు. దూషణము వారికి ఇంటను వీధిలోను కావలసినంత లభించుచునే యున్నది.

మద్యము దొరకకున్నచో త్రాగుడు తానే పోవునని పలువురు తలంతురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతట వినబడెను. 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది తొలగింపబడెను. ఆ స్త్రీల పోరాటము మిక్కిలి గొప్పది. అయినను చట్టము దుకాణమును మూయగలదు గాని, మద్యమునకు లోబడిన దేహమును బాగుచేయలేదు. 2020 మార్చిలో కరోనా కారణమున దుకాణములు మూతపడగా, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వణకుచు, కలవరించుచు వచ్చిన రోగులు ఒక్కుమ్మడిగా పెరిగిరి.

కావున ప్రతిదినము హెచ్చుగా త్రాగువాడు ముందుగా వైద్యుని చూడవలయును. సభ దాని తరువాత. ఒక్కమారుగా మానినచో కొన్ని గంటలలోనే చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. కొందరికి మొదటి రెండు దినములలో మూర్ఛలును, ఆ పిమ్మట మతిభ్రమయు కలిగి ప్రాణమునకే అపాయము వచ్చును. మత్తుమందులు కలిపిన కల్తీకల్లునకు అలవడినవారికిని ఈ ప్రమాదము కలదు. సూర్యాపేటలో 2019లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు చెందిన ఆసుపత్రి మనకు సమీపమున నున్నది. అచటకు పోవుటలో సిగ్గుపడవలసినది లేదు.

వైద్యము దేహమును నిలుపును. ఇల్లు చేరిన తరువాత, సాయంకాలము ఆరు గంటలకు కాళ్లు పాతదారి పట్టునప్పుడు తోడెవ్వరు? ఈ ప్రశ్న నుండియే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అను సంఘము పుట్టినది. 1935లో బిల్ విల్సన్ అను న్యూయార్కు వర్తకుడు వ్యాపారపు పనిమీద అమెరికాలోని ఆక్రన్ నగరమునకు పోయి, పని చెడి, హోటలులో ఒంటరిగా నిలిచెను. అతడు త్రాగుడు మాని కొద్ది నెలలే యయ్యెను. ఒక ప్రక్క మద్యశాల, ఒక ప్రక్క టెలిఫోను. అతడు టెలిఫోను వైపు పోయి, పట్టికలోని చర్చి పెద్దలను పిలిచి, తనవలె బాధపడు మరియొకని చూపుడని వేడుకొనెను. ఆ విధముగా డాక్టరు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు దొరకెను. అతడు కడపటిసారి త్రాగిన దినము, 1935 జూన్ 10, ఆ సంఘపు పుట్టినదినమైనది. 1957లో అది బొంబాయిలో మొదలై మనదేశమునకు వచ్చెను.

దాని నియమములు సహకార సభ్యులకు వింతగా తోచవు. ప్రవేశ రుసుము లేదు; త్రాగుడు మానవలెనను కోరికయే అర్హత. ఖర్చులకు సభ్యులే తోచినది వేయుదురు, బయటివారి విరాళములు పుచ్చుకొనరు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు; అచట వినినది అచటనే విడిచివత్తురు. దేవుని ప్రస్తావన కలదు గాని, ఎవరికి తెలిసిన రీతిని వారు తలచుకొనవచ్చును. సుమారు పదివేల అయిదువందల మందిపై జరిగిన 27 పరిశోధనలను 2020లో పండితులు పరిశీలించి, పూర్తిగా మానియుండు విషయమున ఈ మార్గము ఇతర చికిత్సల కంటె తక్కువది కాదనియు, పెక్కుచోట్ల మేలైనదనియు తేల్చిరి.

సభను వెదకుటకు ముందుగా 14446 అను ఉచిత ప్రభుత్వ నంబరునకు గాని, 2022లో ఆరంభింపబడిన టెలి మానస్ వారి 14416నకు గాని ఫోను చేయవలయును, తెలుగులో మాటలాడవచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఎచట సభ జరుగునో, ఏ వారమో, తెలుగులోనా, కొత్తవారు రావచ్చునా యని అడుగవలయును. త్రాగుడు సమస్య లేనివారిని రానిచ్చు సభలు కొన్ని, రానీయనివి కొన్ని. తోడుగా అన్నదమ్ములు వచ్చునప్పుడు ఇది తెలియవలయును. హైదరాబాదు, సికిందరాబాదులలో సభలు కలవు గాని, నాట్లకాలమున వారమువారము అంతదూరము పోవుట రైతునకు పొసగదు. అట్టివారు ఫోనుమీద జరుగు సభలను గూర్చి విచారింపవలయును. ఒక్క సభ చూచి నచ్చలేదని విడువరాదు. సభకును సభకును మనుష్యులు వేరు.

దగ్గరలో ఏదియు లేనియెడల, త్రాగుడు మానగోరు ఇద్దరు ముగ్గురు కూడి కూర్చున్నను అది సభయే యని వారి సంప్రదాయము. సహకార సంఘము తన గదిని వారమునకొక సాయంకాలము స్వల్పమైన అద్దెకు ఇయ్యవచ్చును. ఉచితమనిన వారే ఒప్పుకొనరు. అయితే వచ్చినవారి పేర్లు మన రిజిస్టరులో ఎక్కరాదు, అప్పుల సంగతి అచట ఎత్తరాదు, కార్యదర్శి తలుపు తెరచి తాళమిచ్చి వెడలిపోవలయును. ఊరిలో అందరికి అందరును తెలిసినవారే గనుక, పొరుగు పట్టణపు సభకు పోగోరువానిని నిర్బంధింపరాదు.

భర్త రానన్నచో భార్య కూర్చుండి యేడ్వనక్కరలేదు. త్రాగువారి కుటుంబముల కొరకు బిల్ విల్సన్ భార్య లోయిస్ మొదలగువారు 1951లో 'అల్-ఆనాన్' అను వేరు సంఘమును స్థాపించిరి. ఇంటివాడు మానినను మానకున్నను, ఆ సభకు ఇల్లాలు ఒంటరిగానే పోవచ్చును. దానిని గూర్చియు పై నంబర్ల వద్దనే అడుగవచ్చును.