మాట తడబడిన మనిషితో సంభాషణ: అఫేజియా చికిత్సలో కుటుంబ సభ్యుల పాత్ర

పక్షవాతానికి గురైన వ్యక్తి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన తరువాత, కాలూ చేయీ ఎంతవరకు కదులుతున్నాయన్న దానిపైనే బంధువుల దృష్టి నిలుస్తుంది. మాట పోయిన నష్టం ఎంతటిదో కొన్ని వారాలకు గాని తెలిసిరాదు. మెదడులో భాషను నడిపే భాగాలు దెబ్బతినడం వల్ల ఏర్పడే ఈ స్థితిని అఫేజియా అంటారు. ఎక్కువమందిలో ఆ భాగాలు ఎడమవైపున ఉంటాయి. స్ట్రోక్ వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి ఈ ఇబ్బంది కలుగుతుంది. మాట్లాడటమే కాక, విని గ్రహించడం, చదవడం, రాయడం సైతం ఒక్కొక్కరిలో ఒక్కో పాలులో కుంటుపడతాయి.

అఫేజియా భాషకు వచ్చిన లోపమే గాని తెలివికి వచ్చిన లోపం కాదు. ఈ తేడా తెలియక, "ఆయనకేమీ అర్థం కాదులెండి" అని రోగి ఎదుటే అనేవారున్నారు. పింఛను, ఇంటి అమ్మకం, శస్త్రచికిత్సకు సమ్మతి వంటి విషయాలు ఆయనను అడగకుండానే తేలిపోతాయి.

ఇక్కడే సంభాషణ చికిత్స అక్కరకు వస్తుంది. ఇందులో శిక్షణ రోగికి ఎంతో, ఆయనతో నిత్యం మాట్లాడే భార్యకు, కుమారునికి, సహాయకునికి కూడా అంతే. కెనడాలోని టొరంటోలో ఆరా కేగన్ బృందం 2001లో వెలువరించిన అధ్యయనంలో 20 మంది స్వచ్ఛంద సేవకులకు ఇటువంటి శిక్షణ ఇచ్చి, మరో 20 మందితో పోల్చి చూశారు. శిక్షణ పొందినవారితో మాట్లాడినప్పుడు, తాము ఏ శిక్షణా పొందని రోగులు సైతం తమ భావాన్ని మెరుగ్గా తెలుపగలిగారు.

చికిత్సలో ఇంటి సంభాషణను ఫోనులో చిత్రీకరించి, ఎక్కడ తెగుతున్నదో నిపుణులతో కలిసి పరిశీలిస్తారు. తరచుగా బయటపడే అలవాటు ఒకటుంది. గ్లాసు చూపి "ఇదేమిటి? చెప్పండి" అని అడగడం. జవాబు తెలిసి అడిగే ఆ ప్రశ్న సంభాషణ కాదు, పరీక్ష. ప్రేమతోనే అడిగినా అవతలి మనిషి చిన్నబుచ్చుకుంటాడు.

తెలుగులో మరో చిక్కు ఉంది. మన వాక్యంలో కాలమూ, కర్తా, అవునా కాదా అన్నదీ చివరనున్న క్రియలోనే తేలుతాయి. "బ్యాంకు... డబ్బు..." అని ఆగిపోయిన వ్యక్తి వేశానంటున్నాడా, వేయలేదంటున్నాడా, తీయాలంటున్నాడా? అప్పుడు తొందరపడి వాక్యం పూరించకుండా కొంతసేపు ఆగాలి. ఆ పైన "వేశారు", "తీయాలి" అని కాగితంపై పెద్ద అక్షరాలతో రాసి చూపాలి. కొందరు కాదనబోయి అవునంటారు కనుక, గ్రహించిన దానిని తిరిగి చెప్పి ఖరారు చేసుకోవాలి.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలోని తెలుగు కుటుంబాలకు భాషల సమస్య కూడా తోడవుతుంది. భార్యతో తెలుగు, సహాయకునితో హిందీ, మనవలతో ఇంగ్లీషు. ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు రూపొందించిన ఇండియన్ అఫేజియా బ్యాటరీ హిందీ మాట్లాడేవారికి ఉద్దేశించినది. అన్ని భాషలూ ఒకే మేరకు దెబ్బతినాలని లేదు. తిరిగి రావడంలోనూ తేడాలుంటాయి. అందువల్ల ఏ భాష ఎంత మిగిలి ఉన్నదో విడివిడిగా చూడమని కుటుంబం కోరవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, రెండు భాషలు తెలిసినవారిలో జ్ఞానశక్తి చెక్కుచెదరనివారు దాదాపు రెట్టింపు ఉన్నారు. అఫేజియా విషయంలో మాత్రం ఆ మేలు కనిపించలేదు. థెరపిస్టుకు తెలుగు రాకపోయినా సంభాషణ చికిత్స ఆగనక్కరలేదు. మెలకువ నేర్చుకొని ఇంట్లో తెలుగులో ఆచరించవలసినది కుటుంబమే.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. 2010 నాటి సమీక్షలో 31 అధ్యయనాలను పరిశీలించిన పరిశోధకులు, భాగస్వాముల నైపుణ్యం పెరుగుతున్నదని నిర్ధారించారు గాని, రోగి భాషాలోపం తగ్గుతున్నదనడానికి తగిన ఆధారం లేదన్నారు. కనుక ఇది సాధారణ స్పీచ్ థెరపీకి బదులు కాదు, దానికి తోడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాక్, భాషా వైకల్యాన్ని నిర్వచిస్తూ అఫేజియాను పేరుతో సహా పేర్కొన్నది. శాశ్వతంగా మిగిలిన లోపానికి ధ్రువపత్రం కోరవచ్చు. రాజధాని ప్రాంతంలోనివారికి అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం నోయిడాలో ఉంది. ప్రైవేటు థెరపిస్టును ఎంచుకునేవారు, ఆయనకు భారత పునరావాస మండలిలో నమోదు ఉన్నదో లేదో ముందుగా అడిగి తెలుసుకోవాలి.