మనసుకు వైద్యం.. బీమా పడక వరకే!

* కౌన్సెలింగ్ రుసుము రోగి జేబు నుంచే
* పాలసీ షరతులపై అవగాహన అవసరం

ఒంట్లో బాగోలేదంటే పదిమందికీ చెప్పుకొనేవారు, మనసు బాగోలేదంటే నోరు విప్పరు. ధైర్యం చేసి వైద్యుడి వద్దకు వెళ్లినవారికి మరో చిక్కు ఎదురవుతోంది. ఏటా ప్రీమియం చెల్లిస్తున్న ఆరోగ్య బీమా కౌన్సెలింగ్‌కు అక్కరకు రావడం లేదు. విడతలవారీగా రుసుము కట్టలేక చికిత్సను మధ్యలోనే మానేస్తున్నవారూ ఉన్నారు. చట్టం ఉన్నా ఈ పరిస్థితికి కారణం పాలసీల స్వరూపమే.

చట్టం ఏం చెబుతోంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017, 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. శారీరక వ్యాధులకు ఏ ప్రాతిపదికన బీమా కల్పిస్తారో, మానసిక వ్యాధులకూ అదే ప్రాతిపదికన కల్పించాలని 21వ సెక్షన్ నిర్దేశిస్తోంది. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో ఈ మేరకు కంపెనీలను ఆదేశించింది. అన్ని పాలసీలనూ చట్టానికి అనుగుణంగా మార్చాలంటూ 2022 అక్టోబరు 31ని గడువుగా విధించింది.

మెలిక ఇక్కడే..

సాధారణ పాలసీలు కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి పొందే వైద్యానికే వర్తిస్తాయి. జ్వరానికి ఓపీలో చూపించుకుంటే బీమా రానట్లే, గంటసేపు మాట్లాడి ఇంటికి వచ్చే కౌన్సెలింగ్‌కూ రాదు. కాగితంపై ఇది సమానత్వమే. అయితే కుంగుబాటు, ఆందోళనతో బాధపడేవారిలో అత్యధికులకు పడక అవసరం ఉండదు. నెలల తరబడి సాగే కౌన్సెలింగ్, మందులే వారికి చికిత్స.

ఉదాహరణకు ఒక రోగి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ బిల్లును క్లెయిమ్ చేసుకోవచ్చు. ప్రామాణిక పాలసీ అయిన ‘ఆరోగ్య సంజీవని’లో చేరికకు ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు అదే జబ్బుకు సంబంధించిన వైద్య ఖర్చులకూ అవకాశం ఉంది. ఆ తర్వాత భారమంతా కుటుంబానిదే.

దాస్తే మొదటికే మోసం

విషయం బయటకు పొక్కుతుందన్న భయంతో కొందరు నగదు చెల్లించి, రసీదు కూడా తీసుకోరు. పాలసీ దరఖాస్తులో పాత చికిత్సను పేర్కొనరు. అనంతరం ఆసుపత్రిలో చేరినప్పుడు ఆ వివరాలు బయటపడితే క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 చట్టంలోని 23వ సెక్షన్ స్పష్టం చేస్తోంది.

ఇలా చేయండి

* పాలసీ తీసుకునేటప్పుడే ఓపీ వైద్యానికి, కౌన్సెలింగ్‌కు వర్తిస్తుందా, ఎంత పరిమితి వరకు అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

* నిపుణుడి రిజిస్ట్రేషన్ సంఖ్య, సంతకం ఉన్న రసీదులను, మందుల చీటీలను భద్రపరచుకోవాలి.

* క్లెయిమ్ తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగాలి. ముందుగా కంపెనీకే ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో సమాధానం రాకున్నా, వచ్చినది సంతృప్తికరంగా లేకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల వారికీ కార్యాలయం అదే. రుసుము ఉండదు.

* ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నంలలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన ‘టెలీ మానస్’ సేవల కోసం 14416 నంబరుకు 24 గంటలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు.