ఉలి మొనపై కడలి కెరటం
చెక్క అచ్చులతో జపాన్‌ సముద్ర చిత్రాలు రూపుదిద్దుకునేది ఇలా..

మచిలీపట్నం: ఆకాశాన్నంటేలా ఎగసిన నీలి కెరటం, దాని గుప్పిట్లో చిక్కిన మూడు పడవలు, దూరాన చిన్నగా ఫ్యూజీ పర్వతం. జపాన్‌ చిత్రకారుడు హొకుసాయ్‌ 1831 ప్రాంతంలో, సుమారు డెబ్బై ఏళ్ల వయసులో రూపొందించిన 'కనగావా పెను కెరటం' ఇది. కుంచెతో నేరుగా కాగితంపై వేసిన చిత్రం కాదిది. పెడనలో కలంకారీ వస్త్రాలపై అద్దకం చేసినట్లే, చెక్క అచ్చులతో కాగితంపై ముద్రించినది. 2024 జులైలో విడుదలైన జపాన్‌ వెయ్యి యెన్ల నోటు వెనుక భాగాన ఈ కెరటానికే చోటు దక్కింది.

గీతే అచ్చుకు ఆధారం
తొలుత చిత్రకారుడు పలుచని కాగితంపై రేఖాచిత్రం గీస్తాడు. దానిని చెర్రీ చెక్కపై బోర్లా అతికిస్తారు. ముద్రణలో ఎడమ కుడి, కుడి ఎడమ అవుతాయి కనుక ఈ ఏర్పాటు. శిల్పి రేఖలను మాత్రం ఉంచి మిగిలిన చెక్కను ఉలితో తొలగిస్తాడు. ఈ క్రమంలో చిత్రకారుడు గీసిన అసలు కాగితం నశిస్తుంది. చెర్రీ చెక్క గట్టిది, ఈనెలు సన్ననివి. అందువల్లే నురగ అంచుల వంటి సూక్ష్మరేఖలు సైతం విరగక నిలుస్తాయి.

రేఖల అచ్చు సిద్ధమయ్యాక రంగుల అచ్చులను విడివిడిగా చెక్కుతారు. ప్రతి చెక్కపైనా ఒక మూలన, ఒక అంచున 'కెంతో' అనే గాట్లు పెడతారు. కాగితాన్ని ఆ గాట్లకు ఆనించి పరిస్తేనే రంగు గీత దాటకుండా పడుతుంది.

కాగితమే చెక్కపైకి..
పెడనలో అచ్చును గుడ్డపై మోపుతారు. జపాన్‌లో కాగితాన్నే అచ్చుపై పరుస్తారు. చెక్కపై నీటి రంగును, కొద్దిగా బియ్యపు గంజిని కుంచెతో కలిపి పులుముతారు. మల్బరీ జాతికి చెందిన కోజో చెట్టు నారతో చేసిన కాగితానికి ముందే జిగురు, పటిక పట్టించి, తడిపి ఉంచుతారు. దానిని అచ్చుపై పరిచి, వెదురు పొర చుట్టిన 'బారెన్‌' అనే గుండ్రని బిళ్లతో వీపున రుద్దుతారు. కాగితం మధ్యలో ఆరితే కుంచించుకుపోయి గాట్ల లెక్క తప్పుతుంది. పని పూర్తయ్యే వరకు తేమ ఒకేలా ఉండాలి.

ఆకాశం, నీరు ముదురు నుంచి లేతకు కరిగిపోయినట్లు కనిపించడం ముద్రాపకుని నైపుణ్యమే. చెక్కపై ఒకవైపు తడి, మరోవైపు రంగు ఉంచి కుంచెతో కలుపుతాడు. దీనిని 'బొకాషి' అంటారు. పెను కెరటంలోని గాఢ నీలం ఐరోపాలో పుట్టిన ప్రష్యన్‌ నీలం. అచ్చులు అరిగేకొద్దీ రేఖలు తెగుతాయి. తొలి ప్రతులను, తర్వాతి ప్రతులను నిపుణులు ఈ తేడాతోనే గుర్తిస్తారు.

పేరు లేని చేతులు
పెను కెరటంపై హొకుసాయ్‌ సంతకం ఉంది. చెక్కినవారి పేరు, ముద్రించినవారి పేరు మాత్రం కానరావు. ప్రచురణకర్త పెట్టుబడి, చిత్రకారుని ఊహ, శిల్పి ఉలి, ముద్రాపకుని చేయి.. ఈ నాలుగింటిలో ఏది లోపించినా చిత్రం లేదు. ఈ విద్య అంతరించకుండా టోక్యోలోని అడాచి సంస్థ యువతను చేరదీసి చెక్కడం, ముద్రించడం నేర్పుతోంది. హొకుసాయ్‌ చిత్రాలను పాత పద్ధతిలోనే నేటికీ ముద్రిస్తోంది.

పెడన అద్దకానికీ ఇదే పరీక్ష ఎదురైంది. టేకు అచ్చులు చెక్కి, కరక్కాయ రసంలో గుడ్డ నానబెట్టి చేసే పనికి స్క్రీన్‌ప్రింటింగ్‌ పోటీగా నిలిచింది. వేగంలో యంత్రానిదే పైచేయి. అయితే అచ్చు విరిగితే మరొకటి చెక్కుకోవచ్చు, చెక్కే చేయి ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టడానికి నేర్పేవారుండరు. ఉలి పట్టే తరం ఉన్నప్పుడే తర్వాతి తరానికి దానిని అందించాలన్నది జపాన్‌ కెరటం చెబుతున్న పాఠం.