పాత కారు, కొండ దారి

తిరుపతిలో పాత కారు ఉంచుకోవాలా, కొత్తది కొనాలా అన్న లెక్కలో తిరుమల ఘాట్ రోడ్డుకూ వాటా ఉంది. 1974లో రెండో దారి వచ్చింది. ఎక్కడానికి అది, దిగడానికి 1944 నాటి పాతది. ఎక్కేటప్పుడు రేడియేటర్, క్లచ్ ప్లేట్ల సంగతి తేలిపోతుంది. అసలు పరీక్ష దిగేటప్పుడే. బ్రేకు తొక్కిపట్టి దిగితే ప్యాడ్లు కాగిపోతాయి. ఏళ్ల తరబడి మార్చని బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది గనుక ఆ వేడికి మరిగి బుడగలు కడుతుంది. పెడల్ మెత్తగా కిందికి జారిపోతుంది. రెండో గేరులో దిగడం, రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్పించడం పెద్ద ఖర్చేమీ కాదు.

కొత్త కారుకు ఈ బెడద తక్కువే. విలువే నిలవదు: బీమా లెక్కలో అయిదేళ్లకు సగమైపోతుంది. లీజుకు తీసుకుంటే రిపేర్ల బాధ ఉండదు, చివరికి కారూ మిగలదు.

సొంత కారుకు 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. అయినా చాలా కొత్త కార్ల నెల వాయిదా అంతకంటే ఎక్కువే. ఇంజిన్ పోతే షెడ్డులో బోరింగ్ చేయించి నడుపుకోవచ్చు గానీ, అడుగు రేకు తుప్పు తినేసిన కారుపై పెట్టే డబ్బు దండగే.