నీళ్లలో ఫ్లోరైడ్: డాక్టర్ ఒక్కరే సరిపోతారా? (ఎపిసోడ్ టెక్స్ట్)

ధర్మవరంలో బెంగళూరు రైలెక్కితే ముందు పెనుకొండ, తర్వాత హిందూపురం వస్తాయి. కిటికీలోంచి చూస్తే దారంతా గుట్టలు, బండలు. ఆ బండల సందుల్లోంచి మన బిందెలోకి వచ్చే నీళ్ల గురించే ఈ రోజు మాట్లాడుకుందాం.

మన వైపు వానలు తక్కువ, కింద గ్రానైట్ రాయి. నీళ్లు ఆ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు సరే అంటుంది మన దేశ ప్రమాణం. అంతకు మించినవి ఏళ్లపాటు తాగితే ముందు పళ్ల మీద మచ్చలు, తర్వాత కీళ్లు బిగుసుకోవడం, నడుం వంగిపోవడం. అలా వంగిన ఎముకను ఏ మందూ నిటారు చేయలేదు. ఇంకో మాట: కాచినా ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

"డాక్టర్లు చూసుకుంటార్లే" అనుకుంటున్నారా? అయితే నల్గొండ కథ వినండి. అక్కడి ఫ్లోరైడ్ ఊళ్లలో కుర్రాళ్లకు మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. వాళ్లు నీళ్ల దగ్గరే ఆగలేదు. జనం తినే జొన్నలనూ చూశారు. నాగార్జునసాగర్ కట్టాక భూగర్భజలం పైకొచ్చి, నేల గుణం మారి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి తగ్గుతోందేమోనని అనుమానించారు. చూశారా? ఒక కుర్రాడి మోకాలు అర్థం కావాలంటే డ్యామ్, నేల, పంట, పళ్లెం... అన్నీ చూడాల్సొచ్చింది.

పరిష్కారం కూడా అంతే. పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే "నల్గొండ పద్ధతి"ని నీరీ శాస్త్రవేత్తలు ఎప్పుడో ఇచ్చారు. కానీ రోజూ ఎవరు కలపాలి? అడుగున మిగిలే మడ్డి ఎక్కడ పోయాలి? క్యాన్ నీళ్లు కొనలేని ఇల్లు ఏం చేయాలి? వీటికి జవాబు ల్యాబ్‌లో దొరకదు. ధర్మవరంలో రోజంతా గుంత మగ్గంలో కూర్చునే మనిషికి నడుం పట్టేస్తే, అది మగ్గం వల్లా, నీళ్ల వల్లా? ఎక్స్‌రే సగమే చెప్తుంది. మిగతా సగం తెలియాలంటే ఆ ఇంట్లో కూర్చుని, పని గంటలు, అప్పులు, నీళ్లు మోసేదెవరు అని అడగాలి.

మన దేశంలో వైద్య పరిశోధనకు ఐసీఎంఆర్ ఉంది, దాని మూలం 1911లో. సామాజిక శాస్త్రాలకు 1969లో ఐసీఎస్‌ఎస్‌ఆర్ వచ్చింది. మరి బిందె నీళ్ల ప్రశ్న ఏ తలుపు తట్టాలి? రెండూ తట్టాలి. అందుకే నేననేది: డబ్బు ఇచ్చేవాళ్లు డాక్టర్‌ను, భూగర్భ శాస్త్రవేత్తను, ఇంటింటికీ తిరిగి మాట్లాడే సామాజిక పరిశోధకులను మొదటి రోజు నుంచే ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఏడాదితో ముగించకూడదు, ఎముక ఏడాదిలో వంగదు కదా. తేలిందేంటో తిరిగొచ్చి ఊళ్లో చెప్పాలి.

ఈలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను ఇంట్లో చెప్పండి, పంచాయతీలో అడగండి.

మళ్లీ కలుద్దాం.