మీకు తెలుసా? లాగితే కదిలే బొమ్మలు

పుట తెరవగానే కోట లేచి నిలబడే పాప్-అప్ పుస్తకం పిల్లల కోసమే పుట్టిందనుకుంటాం. కానీ పుస్తకంలో కదిలే భాగాలను ముందుగా వాడుకున్నది పెద్దవాళ్లే. 13వ శతాబ్దంలో ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ మఠంలో చరిత్ర రాసిన మాథ్యూ పారిస్ అనే సన్యాసి, ఈస్టర్ తేదీ లెక్కకట్టడానికి తన రాతప్రతిలో తిరిగే చక్రం అమర్చాడు.

ఆ చక్రాలకు రాజవైభవం తెచ్చింది 1540 నాటి ‘ఆస్ట్రోనామికమ్ సీజేరియమ్’ అనే ఖగోళ గ్రంథం. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో పీటర్ ఎపియాన్ దాన్ని సొంత ముద్రణాలయంలోనే అచ్చువేసి, ఐదవ చార్లెస్ చక్రవర్తికీ ఆయన తమ్ముడికీ అంకితమిచ్చాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన రంగుల కాగితపు బిళ్లలను తిప్పి, మధ్యనుంచి వచ్చే దారాన్ని సరిచూసుకుంటే, కూడికలూ తీసివేతలూ లేకుండానే గ్రహం ఎక్కడుందో తెలిసిపోతుంది. కొన్ని ప్రతుల్లో ఆ దారాలకు చిన్న ముత్యాలు కూడా గుచ్చారు. భూమి చుట్టూ గ్రహాలు తిరుగుతాయనే పాత నమ్మకం మీద కట్టిన లెక్క అది. మూడేళ్లకే ఆ నమ్మకాన్ని తిరగదోసిన కోపర్నికస్ పుస్తకం వచ్చింది. అయినా ఇంత అందమైన శాస్త్ర గ్రంథం అచ్చు చరిత్రలో మరొకటి లేదనే నేనంటాను.

పిల్లల వంతు రావడానికి చాలాకాలం పట్టింది. 1765 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ సేయర్, మడత ఎత్తితే బొమ్మ మారిపోయే చిన్న పుస్తకాలు అమ్మాడు.

ఈ విద్యలో అసలైన ఘనుడు మాత్రం మ్యూనిక్‌కు చెందిన లోథర్ మెగెన్‌డార్ఫర్ (1847–1925). ఆయన బొమ్మల్లో ఒక్క పట్టీ లాగితే చాలు, ఒకే మనిషి చెయ్యి ఎత్తుతాడు, కళ్లు తిప్పుతాడు, నోరు తెరుస్తాడు. అవన్నీ ఎప్పుడూ ఒకేసారి జరగవు, తరచు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. రహస్యం అతికించిన రెండు పుటల మధ్య దాగుంటుంది. అక్కడ అట్టముక్కలతో చేసిన మీటలుంటాయి. వాటిని కలిపేవి సన్నటి రాగితీగను చుట్టచుట్టి చేసిన బుల్లి కీళ్లు. కీలు మరీ బిగిస్తే కాగితం చిరుగుతుంది, వదులైతే బొమ్మ కదలదు. ఆ తీగచుట్టలన్నీ చేత్తో పెట్టినవే. ఇప్పటికీ పాప్-అప్ పుస్తకాల్లో ముక్కలను మనుషులే చేత్తో అతికిస్తారు.

ఇలాంటివాటిని బాగుచేయడం మామూలు పుస్తకం బాగుచేసినట్టు కాదు. చిరుగు కనబడకుండా అతికితే సరిపోదు, అతికినచోట మళ్లీ మడత పడాలి, మళ్లీ జారాలి. మందపాటి కాగితం వేస్తే బొమ్మ బిగుసుకుపోతుంది. అందుకే నిపుణులు ‘కోజో’ అనే మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన పలుచటి జపాన్ కాగితాన్ని ఎంచుకుంటారు. పొడవాటి నారలు కాబట్టి పొరలా ఉన్నా తెగదు. జిగురు గోధుమ గంజిది. మన సినిమా పోస్టర్ల మైదా బంకకు అది దగ్గరి చుట్టమే, కాకపోతే అందులోంచి బంకసాగే మాంసకృత్తిని కడిగేసి పిండిపదార్థాన్ని మాత్రమే ఉడికిస్తారు. రేపు అవసరమైతే కొంచెం తడితో ఊడదీయవచ్చు.

మీ ఇంట్లో అలాంటి పుస్తకం చిరిగితే దయచేసి సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, పసుపు మరక మాత్రం కాగితంలోకి ఇంకిపోతుంది. పట్టీ బిగుసుకుంటే గట్టిగా లాగవద్దు. లోపల ఎక్కడో మీట వంగి ఉంటుంది. పుస్తకాన్ని మూసి, పడుకోబెట్టి, చెమ్మ తగలనిచోట ఉంచండి.

పాత ప్రతుల్లో ప్రతి లాగుడుకీ కాగితం కొద్దికొద్దిగా అరుగుతుంది. ఫొటో తీసి ఊరుకుందామంటే అందులో కదలిక ఉండదు. అందుకే కొన్ని గ్రంథాలయాలు నేర్పున్న చేతులతో పట్టీని నెమ్మదిగా లాగించి, ఆ కదలికను వీడియో తీసి పెట్టుకుంటున్నాయి.